టెక్సాస్ లాంగ్‌హార్న్స్ 2005 సీజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్టిన్, డాలస్ చుట్టుపక్కల పెరిగే మన పిల్లలు శనివారం వచ్చిందంటే ముదురు నారింజ చొక్కా వేసుకుని కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ చూడ్డానికి టీవీ ముందు కూర్చుంటారు. పక్కనున్న అమ్మానాన్నలకు మాత్రం సగం అర్థమవుతుంది, సగం కాదు. వాళ్ల కోసం, ఇండియా నుంచి ఈ ఆటను ఆసక్తిగా చూసేవాళ్ల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. ఒక్క సీజన్ పట్టుకుని చెబితే ఆట మొత్తం తెలుస్తుందని నా నమ్మకం.

ఇన్ని సీజన్లుండగా 2005నే ఎందుకు?

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం జట్టు లాంగ్‌హార్న్స్ ఆ ఏడాది 13 ఆటలాడి పదమూడూ గెలిచింది. 1970 తర్వాత మళ్లీ జాతీయ చాంపియన్ అయింది. ఆఖరి ఆటలో, 34 ఆటలుగా ఓటమి ఎరగని సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ) మీద 19 సెకన్లు మిగిలి ఉండగా ముందుకొచ్చి 41-38తో గెలిచింది. అందరూ గుర్తుపెట్టుకున్నది ఆ 19 సెకన్లనే. నన్నడిగితే ఆ సీజన్ నిలబడింది జనవరిలో కాదు, సెప్టెంబర్ రెండో శనివారం రాత్రి. ఎందుకో కింద చెబుతాను.

నాకీ ఆట ఓనమాలు కూడా రావు. కనీసం ఏం తెలిస్తే చూడగలను?

ఒక్కో వైపు పదకొండు మంది. మైదానం పొడవు 100 గజాలు, రెండు చివర్లా ఎండ్ జోన్లు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి, వాటిని డౌన్లంటారు. క్రికెట్లో ఓవర్‌కి ఆరు బంతులున్నట్టే ఇక్కడ నాలుగు డౌన్లు, కానీ వాటిలోగా పది గజాలు ముందుకెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు దక్కుతాయి. వెళ్లలేకపోతే బంతి అవతలి జట్టుకు. అందుకే చాలా జట్లు నాలుగో డౌన్‌లో సాహసం చేయకుండా బంతిని దూరంగా తన్నేస్తాయి, లేదా గోల్‌పోస్టుల మధ్యకు తన్ని 3 పాయింట్లు తీసుకుంటాయి, దాన్ని ఫీల్డ్ గోల్ అంటారు.

బంతిని ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత తన్నితే ఇంకొకటి, తన్నకుండా మళ్లీ ఎండ్ జోన్‌లోకి చేరిస్తే రెండు. అవతలి జట్టును వాళ్ల సొంత ఎండ్ జోన్‌లోనే పడగొడితే సేఫ్టీ, 2 పాయింట్లు. ఇంత తెలిస్తే కింద చెప్పేదంతా అర్థమవుతుంది. మిగతా నిబంధనలు మీ పిల్లల్ని అడగండి. వద్దన్నా చెబుతారు.

ఒక్క ఆట ఓడితే అంత గగ్గోలు ఎందుకు? లీగ్‌లో ఒకటీ అరా ఓడటం మామూలే కదా?

కాలేజీ ఫుట్‌బాల్ అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రొఫెషనల్ ఆటలో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, నాలుగైదు ఓడినా ప్లేఆఫ్స్‌కు వెళ్లొచ్చు. 2005లో కాలేజీ జట్లకు మామూలు సీజన్ అంటే 11 ఆటలే. పెద్ద స్థాయిలో వందకు పైగా జట్లుంటే వాటిలో రెండంటే రెండే చాంపియన్‌షిప్ ఆటకు వెళ్లేవి. ఆ రెండూ ఏవో తేల్చేది పాయింట్ల పట్టిక కాదు, ఓటింగ్ ప్లస్ కంప్యూటర్ ర్యాంకులు. ఆ పద్ధతి పేరు బీసీఎస్.

ఇది ఎంత కర్కశమైన పద్ధతో అంతకు ముందు ఏడాది ఆబర్న్ జట్టును అడగాలి. 2004లో వాళ్లు 13 ఆటలూ గెలిచారు. అయినా చాంపియన్‌షిప్ ఆట వాళ్లకు దక్కలేదు. యూఎస్‌సీ, ఓక్లహోమా కూడా అప్పటికి అజేయంగా ఉన్నాయి, ఓట్లు వాటికి పడ్డాయి. అన్నీ గెలిచినవాడికే గ్యారంటీ లేదంటే ఒకటి ఓడినవాడి సంగతి చెప్పాలా? ఆ ఆబర్న్ డిఫెన్స్‌ను నడిపించిన జీన్ చిజిక్ 2005లో టెక్సాస్‌కు వచ్చి చేరాడు. ఆ కసి ఎలా ఉంటుందో ఆ శిబిరంలో ఒకరికి బాగానే తెలుసన్నమాట.

సీజన్ మొదలయ్యేటప్పటికి టెక్సాస్ పరిస్థితి ఏంటి?

పేరు పెద్దదే. కోచ్ మ్యాక్ బ్రౌన్ 1998లో వచ్చినప్పటి నుంచి జట్టు ఏటా బాగానే గెలుస్తోంది. కానీ పక్క రాష్ట్రం ఓక్లహోమా చేతిలో 2000 నుంచి 2004 దాకా వరసగా ఐదేళ్లు ఓడింది. 2004లో అయితే 12-0, ఒక్క పాయింటు కూడా రాలేదు. మంచి కుర్రాళ్లను పట్టుకొస్తాడు గానీ పెద్ద ఆట గెలవలేడని మ్యాక్ బ్రౌన్ మీద ముద్ర పడిపోయింది. 2005 జనవరి 1న, సీజన్ ముగిశాక కాలిఫోర్నియాలో జరిగే రోజ్ బౌల్ ఆటలో మిషిగన్ మీద చివరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టి 38-37తో గెలవడంతో గాలి కాస్త మారింది. మళ్లీ ఇక్కడికే వస్తామని ఆ రాత్రే చెప్పాడు జట్టు క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్. ఏడాది తిరక్కుండానే... కాదు, సరిగ్గా ఏడాది దాటి మూడు రోజులకు వచ్చారు.

విన్స్ యంగ్ అంత గొప్పవాడా?

హ్యూస్టన్ కుర్రాడు, మ్యాడిసన్ హైస్కూల్ నుంచి వచ్చాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, పరిగెత్తితే చిన్నవాళ్లు కూడా అందుకోలేరు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు. విన్స్ విసిరే తీరు మాత్రం ఎవరికీ నచ్చేది కాదు, చెయ్యి పక్కగా వచ్చేది. 2004లో మిజౌరీ ఆటలో బాగా ఆడక బెంచీ ఎక్కాడు కూడా. ఆ తర్వాతే కోచ్‌లు అతన్ని సరిదిద్దే పని మానేసి, అతనికి నప్పే ఆట తయారుచేశారు. నా దృష్టిలో మ్యాక్ బ్రౌన్ ఆస్టిన్‌లో చేసిన అత్యుత్తమ కోచింగ్ ఇదే: అడ్డు తప్పుకోవడం.

వాళ్లు ఎంచుకున్న ఆయుధం జోన్ రీడ్. విన్స్ కొంచెం వెనక నిలబడతాడు, పక్కన రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. బంతి చేతికి రాగానే రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెడతాడు, కానీ వదలడు. కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేసిన ఒక డిఫెండర్ మీద అతని కళ్లుంటాయి. ఆ డిఫెండర్ రన్నింగ్ బ్యాక్ వైపు దూకితే విన్స్ బంతి లాక్కుని ఖాళీ అయిన వైపు పరుగు తీస్తాడు. దూకకుండా నిలబడితే బంతి ఇచ్చేస్తాడు. ఆ డిఫెండర్ ఏం చేసినా తప్పే. ఒక్క సెకను వ్యవహారం ఇది, టీవీలో చూస్తే బంతి ఎవరి దగ్గరుందో కెమెరామెన్‌కే తెలియదు.

ఆ సీజన్‌లో విన్స్ విసిరి 3,036 గజాలు, పరిగెత్తి 1,050 గజాలు సాధించాడు. ఒకే సీజన్‌లో విసరడంలో 3,000, పరుగులో 1,000 దాటినవాడు పెద్ద స్థాయి కాలేజీ ఆటలో అంతకు ముందు లేడు.

సెప్టెంబర్ ఆటే సీజన్‌ను నిలబెట్టింది అన్నారు. ఏం జరిగింది?

సెప్టెంబర్ 10, ఒహాయోలోని కొలంబస్. రాత్రి ఆట. స్టేడియంలో లక్షా ఐదు వేల పైచిలుకు జనం, దాదాపు అందరూ ఎరుపు చొక్కాల్లో ఒహాయో స్టేట్ మనుషులు. టెక్సాస్‌ది రెండో ర్యాంకు, ఒహాయో స్టేట్‌ది నాలుగు. ఇంతకు ముందు ఈ రెండు జట్లూ ఒక్కసారి కూడా తలపడలేదు. సీజన్‌లో అది రెండో ఆట మాత్రమే, కానీ ఓడితే కథ అక్కడితో సరి.

టెక్సాస్ మొదట 10-0తో ముందుకెళ్లింది, తర్వాత వెనకబడింది. ఆఖరిదైన నాలుగో క్వార్టర్ సగం గడిచినా 22-16తో ఒహాయో స్టేట్‌దే పైచేయి. ఇక్కడ స్కోరు కాదు, ఆ 22 ఎలా వచ్చిందో చూడండి: ఒక టచ్‌డౌన్, ఐదు ఫీల్డ్ గోల్స్. అంటే ఐదుసార్లు టెక్సాస్ గడప దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టలేక మూడేసి పాయింట్లతో వెనుదిరిగారు. ఒకసారైతే ఎండ్ జోన్ దగ్గర చేతిలో పడ్డ బంతినే జారవిడుచుకున్నారు. అందులో ఏ ఒక్కటి టచ్‌డౌన్ అయినా తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు.

2 నిమిషాల 37 సెకన్లు మిగిలి ఉండగా విన్స్ ఎడమ వైపు 24 గజాల బంతి వేశాడు. లిమాస్ స్వీడ్ వెనక్కి వాలుతూ ఎండ్ జోన్‌లో అందుకున్నాడు. 23-22. ఆఖర్లో డిఫెన్స్ ఒక సేఫ్టీ కూడా సాధించింది, 25-22. కాలికి పరుగు, చేతికి గురి రెండూ ఉన్న విన్స్‌ను దేశం నమ్మింది ఆ రాత్రే. అంతకన్నా ముఖ్యం, ఓట్లు వేసేవాళ్లకు టెక్సాస్‌ను రెండో ర్యాంకు నుంచి దించడానికి ఆ తర్వాత కారణమే దొరకలేదు.

ఓక్లహోమాతో ఆట డాలస్‌లో ఎందుకు జరుగుతుంది?

ఆస్టిన్‌కీ ఓక్లహోమాలోని నార్మన్‌కీ డాలస్ ఇంచుమించు నడిమధ్యలో ఉంటుంది. అక్టోబర్లో టెక్సాస్ స్టేట్ ఫెయిర్ జరిగే ఫెయిర్ పార్క్‌లోనే కాటన్ బౌల్ స్టేడియం. సరిగ్గా 50 గజాల గీత దగ్గర స్టేడియం రెండుగా చీలిపోతుంది, సగం నారింజ, సగం ముదురు ఎరుపు. డాలస్‌లో ఉంటూ ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేకపోయినా ఆ శనివారం ఫెయిర్‌కు వెళ్లి బయట నుంచి ఆ అరుపులు వినండి. కాకపోతే పార్కింగ్ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

2005లో అక్టోబర్ 8న టెక్సాస్ 45-12తో గెలిచింది. కొత్త కుర్రాడు జమాల్ చార్ల్స్ 80 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మూడు వందల పౌండ్ల రోడ్రిక్ రైట్ కిందపడ్డ బంతి ఏరుకుని 67 గజాలు మోసుకెళ్లాడు. అంత భారీ మనిషి అంత దూరం పరిగెత్తడం చూస్తే నవ్వు, భయం రెండూ వస్తాయి. ఐదేళ్ల శని ఒక్క మధ్యాహ్నంతో వదిలింది.

60-3, 62-0, 70-3... బలహీనుల్ని చూసి కొట్టారా?

కొంత నిజమే. లూసియానా-లఫాయెట్ మీద 60-3, రైస్ మీద 51-10, బేలర్ మీద 62-0 లాంటివి లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కానీ 70-3 అలాంటిది కాదు. అది టెక్సాస్ ఆడే జట్ల కూటమి, బిగ్ 12 కాన్ఫరెన్స్ చాంపియన్‌షిప్ ఆట, హ్యూస్టన్‌లో డిసెంబర్ 3న. ఎదురుగా ఉన్నది ఆ కాన్ఫరెన్స్ ఉత్తర భాగం విజేత కొలరాడో. సగం ఆటకే 42-3. కొన్ని రోజులకే ఆ జట్టు కోచ్ ఉద్యోగం పోయింది. మొత్తం 13 ఆటల్లో టెక్సాస్ చేసిన పాయింట్లు 652, ఆటకు సగటున యాభై పైన. అప్పటికి ఒక సీజన్‌లో ఏ జట్టూ అన్ని చేయలేదు.

అంటే ఒహాయో స్టేట్, యూఎస్‌సీ తప్ప ఎవరూ భయపెట్టలేదా?

భయపెట్టారు. అక్టోబర్ 29న స్టిల్‌వాటర్‌లో ఓక్లహోమా స్టేట్ మీద ఒక దశలో 28-9తో వెనకబడ్డారు. బలహీనమైన జట్టది, ఆ రాత్రి మాత్రం చెలరేగింది. రెండో సగం మొదట్లోనే విన్స్ 80 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ సగంలో టెక్సాస్ 35 పాయింట్లు చేసింది, అవతలివాళ్లు సున్నా. 47-28. విన్స్ ఒక్కడే పరుగుతో 267 గజాలు. తమాషా ఏంటంటే 2004లో ఇదే జట్టు మీద 35-7తో వెనకబడి 56-35తో గెలిచారు. ఓక్లహోమా స్టేట్ అభిమానులకు నా సానుభూతి.

రెండోది థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు టెక్సాస్ ఏ అండ్ ఎమ్ మీద. పాత పగ, వాళ్ల ఊళ్లో ఆట. విన్స్ పరుగుకు కళ్లెం వేశారు, మూడో క్వార్టర్‌లో ముందుకు కూడా వెళ్లారు. చివరికి 40-29. గెలిచారు గానీ దానికో ఖరీదు పడింది.

ఏం ఖరీదు? విన్స్‌కు హైస్మన్ ట్రోఫీ ఎందుకు రాలేదు?

అదే ఖరీదు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే ఈ అవార్డుకూ ఓటింగే. ఏ అండ్ ఎమ్ మీద విన్స్ తేలిపోవడానికి వారం ముందే యూఎస్‌సీ ఆటగాడు రెజీ బుష్ ఫ్రెస్నో స్టేట్ మీద 513 గజాలు సాధించి అందరి నోళ్లలో నానాడు. ట్రోఫీ బుష్‌కు, రెండో స్థానం విన్స్‌కు. అంతకు ముందు ఏడాది హైస్మన్ గెలిచిన మ్యాట్ లైనార్ట్ కూడా యూఎస్‌సీలోనే ఉన్నాడు. ఓట్లన్నీ రోజ్ బౌల్‌కు ముందే పడతాయి. ఒక నెల ఆగి వేసుంటే ఫలితం వేరేలా ఉండేదని అనేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

రోజ్ బౌల్ ఫైనల్ గురించి వివరంగా చెప్పండి.

2006 జనవరి 4, కాలిఫోర్నియాలోని పాసడీనా. యూఎస్‌సీ ఉన్న లాస్ ఏంజెలెస్‌కు పక్కనే, అంటే వాళ్లకు దాదాపు సొంతూరే. చరిత్రలోనే గొప్ప జట్టు ఇదేనా అని ఆట మొదలుకాకముందే టీవీల్లో చర్చలు నడిచాయి.

సగం ఆటకు టెక్సాస్ 16-10తో ముందుంది. రెండో సగంలో యూఎస్‌సీని ఆపడం ఎవరి తరమూ కాలేదు. 6 నిమిషాల 42 సెకన్లు మిగిలి ఉండగా 38-26. చాలామంది టెక్సాస్ అభిమానులు టీవీ కట్టేసిన క్షణం అది. విన్స్ 17 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, 38-33, మిగిలింది నాలుగు నిమిషాల చిల్లర.

ఇప్పుడు బంతి యూఎస్‌సీది. వాళ్లు ఒక్క ఫస్ట్ డౌన్ సాధించి, అంటే కొత్తగా నాలుగు డౌన్లు దక్కించుకుని, గడియారం కరిగించేస్తే చాలు. టెక్సాస్ 45 గజాల గీత దగ్గర నాలుగో డౌన్, కావలసింది రెండు గజాలు. కోచ్ పీట్ క్యారల్ బంతిని తన్నించలేదు, సాహసించాడు. బంతి లెండేల్ వైట్‌కు ఇచ్చారు. భారీ మనిషి, ఆ రాత్రి మూడు టచ్‌డౌన్లు చేశాడు. మైకేల్ హఫ్ తదితరులు గోడ కట్టి ఒక్క గజానికే ఆపేశారు. ఆ సమయంలో రెజీ బుష్ మైదానం బయట నిలబడి ఉన్నాడు. క్యారల్‌ను ఈ నిర్ణయానికి ఇప్పటికీ తిడతారు. నేను తిట్టను. బంతి తన్నినా విన్స్ చేతికే కదా వెళ్లేది, ఆ రాత్రి అతనికి ఎనభై గజాలైనా యాభయ్యైనా ఒకటే. కానీ బుష్‌ను కనీసం ఎర కోసమైనా మైదానంలో ఉంచకపోవడం మాత్రం క్షమించరానిది.

2 నిమిషాల 9 సెకన్లు, 56 గజాలు. మధ్యలో మూడో డౌన్‌కు 12 గజాలు కావలసి వచ్చింది. క్వాన్ కాస్బీకి వేసిన బంతితో ఏడే వచ్చాయి, కానీ పడగొట్టేటప్పుడు యూఎస్‌సీ డిఫెండర్ హెల్మెట్ జాలీ పట్టుకుని లాగాడు. పెనాల్టీ ఐదు గజాలు. ఏడు, ఐదు, పన్నెండు. అదృష్టం లెక్క కూడా సరిగ్గా సరిపోయింది.

చివరికి 8 గజాల దూరంలో నాలుగో డౌన్, కావలసింది ఐదు. విన్స్ విసరడానికి చూశాడు, ఎవరూ ఖాళీగా లేరు. కుడివైపు తిరిగి పరిగెత్తాడు. మూలనున్న నారింజ దిండు దాకా ఒక్క చెయ్యి కూడా అతన్ని తాకలేదు. 39-38, 19 సెకన్లు. తర్వాత రెండు పాయింట్ల ప్రయత్నం కూడా విన్స్ పరుగుతోనే నెరవేరింది, 41-38. ఆ రెండు ఎందుకంటే, తన్ని ఒకటే తీసుకుంటే 40-38, అప్పుడు యూఎస్‌సీ ఒక్క ఫీల్డ్ గోల్‌తో గెలిచేస్తుంది. మూడు పాయింట్ల తేడా ఉంటే ఫీల్డ్ గోల్‌తో సమం మాత్రమే. ఆ అవసరమూ రాలేదు.

విన్స్ లెక్క: 40 పాసుల్లో 30 చేరాయి, 267 గజాలు. పరుగుతో 200 గజాలు, మూడు టచ్‌డౌన్లు.

అతని మోకాలు నేలకు తాకిందని, ఒక టచ్‌డౌన్ చెల్లదని అంటారు. నిజమేనా?

నిజమే. మొదటి సగంలో విన్స్ పరిగెడుతూ పడిపోయేముందు బంతిని సెల్విన్ యంగ్‌కు అందించాడు, అది టచ్‌డౌన్ అయింది. బంతి చెయ్యి దాటేలోపే మోకాలు నేలకు తాకిందని రీప్లేలో స్పష్టంగా కనిపిస్తుంది. కాలేజీ నిబంధన ప్రకారం ఆట అక్కడే ఆగిపోవాలి. అధికారులు ఆ ఆటను సమీక్షించలేదు. మరి గెలుపు దొంగదా? కాదు. మోకాలు తాకిన చోట కూడా టెక్సాస్ ఎండ్ జోన్‌కు దగ్గర్లోనే ఉంది, బంతి వాళ్ల చేతిలోనే ఉండేది. పైగా ఆ టచ్‌డౌన్ తర్వాత తన్నిన అదనపు పాయింటు కూడా తప్పింది. వాదించుకోవాలంటే ఎంతసేపైనా వాదించుకోవచ్చు. యూఎస్‌సీ చదివిన స్నేహితులుంటే వాళ్లు వాదిస్తారు కూడా.

అందరూ విన్స్ గురించే చెబుతారు. డిఫెన్స్ సంగతేంటి?

అన్యాయం జరిగింది వాళ్లకే. 13 ఆటల్లో ఇచ్చిన పాయింట్లు 213, అందులో 38 ఒక్క యూఎస్‌సీకే. డిఫెన్స్‌లో వెనక కాపు కాసే డిఫెన్సివ్ బ్యాక్‌లకు ఇచ్చే థోర్ప్ అవార్డు మైకేల్ హఫ్‌కు వచ్చింది. రోజ్ బౌల్‌లో మైకేల్ గ్రిఫిన్ ఎండ్ జోన్ అంచు దగ్గర లైనార్ట్ బంతిని ఒడిసిపట్టకపోయుంటే ఆఖరి నిమిషం దాకా ఆట వచ్చేదే కాదు.

యూఎస్‌సీ గెలుపులు రద్దయ్యాయని విన్నాం. టెక్సాస్ టైటిల్‌కు ఏమైనా అయిందా?

ఏమీ కాలేదు. రెజీ బుష్, అతని కుటుంబం నిబంధనలకు విరుద్ధంగా డబ్బు, సౌకర్యాలు తీసుకున్నారని 2010లో కాలేజీ క్రీడల్ని నియంత్రించే ఎన్‌సీఏఏ శిక్ష వేసి ఆ సీజన్ గెలుపుల్ని రికార్డుల నుంచి తీసేసింది. బుష్ హైస్మన్ వదులుకున్నాడు, 2024లో తిరిగిచ్చారు. టెక్సాస్ గెలుపు చెక్కుచెదరలేదు.

అంత డబ్బున్న ఆటలో ఆటగాళ్లకు ఏమీ ఇచ్చేవారు కాదా?

2005లో స్కాలర్‌షిప్ మాత్రమే: ఫీజులు, బస, తిండి, పుస్తకాలు. లక్ష మంది టిక్కెట్ కొని చూసే ఆటగాడు తన పేరున్న చొక్కా అమ్మితే వచ్చే డబ్బు ముట్టుకోకూడదు. 2021 జులై నుంచి సొంత పేరు, ఫొటో మీద సంపాదించుకోనిచ్చారు. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లిస్తున్నాయి. బుష్‌కు ట్రోఫీ తిరిగివ్వడం వెనక ఈ మార్పే ఉంది.

మా అబ్బాయి యూటీ డాలస్‌లో చేరాడు. వాడిదీ ఇదే జట్టేనా?

కాదండీ. ఒకే యూటీ వ్యవస్థలోవే అయినా లాంగ్‌హార్న్స్ ఆస్టిన్ క్యాంపస్ జట్టు. యూటీ డాలస్‌కు ఫుట్‌బాల్ జట్టే లేదు. మనవాళ్లు ఎక్కువగా చేరే యూటీ ఆర్లింగ్టన్ 1985తో జట్టును ఎత్తేసింది. డెంటన్‌లోని నార్త్ టెక్సాస్‌కు మాత్రం ఉంది. అయినా నారింజ చొక్కా వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ తర్వాత టెక్సాస్ ఏమైంది?

ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 2006 డ్రాఫ్ట్‌లో విన్స్ మూడో ఎంపికగా టెనెసీ టైటన్స్‌కు వెళ్లాడు. ఆస్టిన్‌లో అతని 10వ నంబర్ చొక్కా ఇంకెవరికీ ఇవ్వరు. 2009 సీజన్‌లో జట్టు మళ్లీ ఫైనల్ దాకా వెళ్లి, అదే పాసడీనాలో అలబామా చేతిలో 37-21తో ఓడింది. 2013తో మ్యాక్ బ్రౌన్ దిగిపోయాడు. 2024లో టెక్సాస్ బిగ్ 12 వదిలి ఎస్‌ఈసీ అనే మరో కాన్ఫరెన్స్‌లో చేరింది, పదమూడేళ్ల విరామం తర్వాత ఏ అండ్ ఎమ్‌తో ఆట కూడా మళ్లీ మొదలైంది. ప్లేఆఫ్‌కు ఇప్పుడు 12 జట్లు వెళ్తాయి కాబట్టి ఒకటో రెండో ఓడినా ఆశ ఉంటుంది. న్యాయంగానే ఉంది గానీ, సెప్టెంబర్ ఆటలకు 2005లో ఉన్న ఒణుకు మాత్రం లేదు.

పాత ఆటలు ఇప్పుడు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రోజ్ బౌల్‌తో మొదలుపెట్టకండి. ముందు ఒహాయో స్టేట్ ఆట నాలుగో క్వార్టర్ చూడండి, ఒక ఫీల్డ్ గోల్‌కూ ఒక టచ్‌డౌన్‌కూ తేడా ఏంటో ఒంటబడుతుంది. తర్వాత ఓక్లహోమా స్టేట్ మీద రెండో సగం. ఆ పైన రోజ్ బౌల్ మొత్తం, కుదిరితే ఆనాటి ఏబీసీ ప్రసారమే వెతికి చూడండి. వ్యాఖ్యాత కీత్ జాక్సన్‌కు అది ఆఖరి ఆట. మూడు గంటలకు పైగా పడుతుంది కాబట్టి అన్నం తినేసి కూర్చోండి.